అన్నవాహికలో తొలి దశ క్యాన్సర్: ఎండోస్కోపీతో తీయించాలా, ఆపరేషనా, రేడియేషనా?

విజయవాడ సూర్యారావుపేటలో ఒక డాక్టరు "ఆపరేషన్ చేసి అన్నవాహిక తీసేయాలి" అంటారు. గుంటూరు కొత్తపేటలో ఇంకొకరు "కీమో ఇచ్చి కరెంటు (రేడియేషన్) పెడితే సరిపోతుంది" అంటారు. హైదరాబాద్ వెళ్తే "కోత అక్కర్లేదు, నోట్లోంచి గొట్టం వేసి ఆ పొర తీసేస్తాం, నాలుగైదు రోజుల్లో ఇంటికి వెళ్లిపోవచ్చు" అంటారు. అదే మనిషి, అవే కాగితాలు. ఇంట్లోవాళ్లకు మతి పోయేది ఇక్కడే. ఎవరో ఒకరు డబ్బు కోసం చెబుతున్నారని అనుమానం మొదలవుతుంది. చాలాసార్లు సంగతి అది కాదు. ముగ్గురూ మూడు వేర్వేరు లోతులు మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు. అసలు లోతెంతో అప్పటికింకా ఎవరూ తేల్చలేదు.

నేను స్లైడ్లు చదివే మనిషిని, పాథాలజీ. కాబట్టి నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను: ఏ చికిత్స, ఏ ఆస్పత్రి అని తిరగడానికి పెట్టే శ్రమలో సగం, గడ్డ ఎంత లోతుకు దిగిందో తేల్చుకోవడానికి పెట్టండి. అది తేలితే మిగతా ఎంపికలో చాలా భాగం దానంతట అదే తేలుతుంది.

ఈ రాత ఎవరికి, ఎవరికి కాదు

అన్నం ముద్ద దిగడం లేదు, ఇడ్లీ కూడా నీళ్లు తాగి మింగాల్సి వస్తోంది, బట్టలు వదులైపోయాయి అంటే అది తొలి దశ అయ్యే అవకాశం తక్కువ. అన్నవాహిక సాగే గొట్టం. లోపలి దారి బాగా ఇరుకైతే తప్ప గట్టి తిండి అడ్డం పడదు. అలాంటివారికి సాధారణంగా ముందు కీమో, లేదా కీమోతో కలిపి రేడియేషన్, ఆ తర్వాత ఆపరేషన్. నెదర్లాండ్స్‌లో జరిగిన క్రాస్ ట్రయల్ ఫలితాలు 2012లో వచ్చాక ఈ వరస బలపడింది. వాళ్లు ఇక్కడ ఆగి, నేరుగా క్యాన్సర్ డాక్టరు దగ్గరికి వెళ్లడం మంచిది. ఈ వారంలోనే వెళ్లాలి.

ఇక్కడ మాట్లాడేది వేరే వాళ్ల గురించి. గుండెమంటకనో, రక్తం తక్కువైందనో ఎండోస్కోపీ చేస్తే అనుకోకుండా ఒక ఎర్రటి మచ్చ కనబడినవాళ్లు. నోటి క్యాన్సరో గొంతు క్యాన్సరో నయమయ్యాక చెకప్‌లో పట్టుబడినవాళ్లు. "28 సెం.మీ. దగ్గర పొర గరుకుగా ఉంది, బయాప్సీ తీశాం" అని రాసిన కాగితం చేతిలో ఉన్నవాళ్లు. ఆ సెంటీమీటర్లు ముందు పళ్ల నుంచి కొలుస్తారు. అన్నవాహిక దాదాపు 15 దగ్గర మొదలై 40 దగ్గర కడుపులో కలుస్తుంది. 28 అంటే ఛాతీ మధ్య అన్నమాట.

రకం కూడా ముఖ్యం. మన దేశంలో ఎక్కువగా కనబడేది స్క్వామస్ రకం, అన్నవాహిక సొంత పొర కణాల్లోనే మొదలయ్యేది. దీనికి పొగాకు, మద్యం ప్రధాన కారణాలు. రెండూ ఉన్నవాళ్లకు ప్రమాదం కూడిక కాదు, గుణకారం. రెండోది అడినో రకం, ఏళ్ల తరబడి యాసిడ్ పైకి తన్నడం వల్ల కింది చివర పొర మారిపోయి వచ్చేది. ఆ మారిన పొరనే బారెట్స్ అంటారు. మెడికల్ షాపులో పాంటాప్ కొనుక్కుని ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లు ఒక్కసారైనా ఎండోస్కోపీ చేయించుకోవాలనేది దీనికోసమే.

గుంటూరు అనగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మా మిరపకాయ వల్లేనా?" ఇదే ఊళ్లో పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం కూడా ఉంది, ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు! కారాన్ని తిట్టుకుంటూ చుట్ట కాల్చడం మన దగ్గర పాత అలవాటు. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, మందు: వీటి మీద ఏ సందేహమూ లేదు. పొగలు కక్కే టీ గటగటా తాగే అలవాటు ఉంటే అది కూడా మానుకోవాలి. 65 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి పానీయాలను 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 'బహుశా క్యాన్సర్ కారకం' జాబితాలో చేర్చింది.

అసలు విషయం: లోతు

అన్నవాహిక గోడను మన ఇంటి గోడలా ఊహించుకోండి. పైన రంగు, దాని కింద లప్పం, ఆ కింద సిమెంటు ప్లాస్టరింగ్, చివర ఇటుక. నీళ్ల పైపులు ఎక్కువగా ఉండేది ప్లాస్టరింగులో. క్యాన్సర్ రంగులోనో లప్పంలోనో ఉంటే గీకి తీసేయొచ్చు. ప్లాస్టరింగులోకి దిగిందంటే పైపు పట్టుకుని ఎటైనా పోవచ్చు.

ఆ పైపులే లింఫ్ నాళాలు. అవి తీసుకెళ్లేది లింఫ్ గ్రంథులకు. పెద్దపేగులో పై పొర దాటని క్యాన్సర్ గ్రంథులకు పాకదు. అన్నవాహికలో ఆ ధీమా లేదు, ఇక్కడ లింఫ్ నాళాలు పై పొర దాకా వచ్చేస్తాయి. అందుకే లెక్క మిల్లీమీటర్లలో కాదు, మైక్రాన్లలో నడుస్తుంది.

స్క్వామస్ రకంలో స్థూలంగా ఇలా ఉంటుంది. పై రెండు అంచెల్లోనే, అంటే రంగులో, లప్పంలోనే ఉంటే గ్రంథులకు పాకే అవకాశం చాలా తక్కువ. లప్పానికీ ప్లాస్టరింగుకూ మధ్య మూడో అంచెగా ఉండే సన్నని కండర పొరను తాకితే నూటికి పది అటూ ఇటూ. సబ్‌మ్యూకోసా అనే ప్లాస్టరింగులో లోతుగా దిగితే నూటికి ముప్ఫై నుంచి యాభై. ఆ సబ్‌మ్యూకోసాలో 200 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఐదో వంతు దాటిందా లేదా అన్నది పెద్ద గీత. అడినో రకానికి ఆ గీత 500 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. రిపోర్టులో టీ1ఏ అంటే ఇంకా పై పొరలోనే ఉందని, టీ1బీ అంటే సబ్‌మ్యూకోసాలోకి దిగిందని. ఈ రెండూ 'స్టేజ్ 1' కిందికే వస్తాయి. కానీ చికిత్సలు వేరు. "స్టేజ్ వన్ అంట, భయం లేదంట" అన్న మాట ఒక్కటీ పట్టుకుని నిర్ణయం తీసుకోకండి.

పరీక్షల్లో ఏది దేనికి

మనవాళ్లు ముందు పెట్ స్కాన్ మీదికి పరిగెత్తుతారు. ఖరీదైంది కాబట్టి అన్నీ చెప్పేస్తుందని నమ్మకం. తొలి దశ అన్నవాహిక క్యాన్సర్‌లో పెట్ స్కాన్ గడ్డనే చూపించకపోవచ్చు, పొర అంత పల్చగా ఉంటుంది. పైగా మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. ఎప్పుడో వచ్చిన టీబీ తాలూకు గ్రంథులు కూడా పెట్‌లో వెలుగుతాయి. అది చూసి క్యాన్సర్ పాకిందని బెదిరిపోయి, తేలిగ్గా పోయేదానికి పెద్ద చికిత్స మొదలుపెట్టే ప్రమాదం ఉంది. పెట్‌లో వెలిగిన గ్రంథి మీదే నిర్ణయం ఆధారపడి ఉంటే, దానిలోంచి సూదితో ముక్క తీసి చూడకుండా ముందుకెళ్లొద్దు.

బేరియం తాగించి తీసే ఎక్స్‌రే తొలి దశకు పనికిరాదు. చదునైన మచ్చ అందులో కనబడదు. సీటీ స్కాన్ అవసరమే, కానీ మచ్చ కోసం కాదు, మెడలో ఛాతీలో పొట్టలో ఇంకెక్కడా ఏమీ లేదని చూసుకోవడానికి.

తొలి దశను పట్టేది ఎండోస్కోపీ ఒక్కటే. అయితే ఎండోస్కోపీ అన్నది ఒకే పరీక్ష కాదు. గొంతులో స్ప్రే కొట్టి, మనిషి వాంతి చేసుకుంటుంటే రెండు నిమిషాల్లో గొట్టం కడుపులోకి దింపేది ఒకటి. అల్సర్ చూడటానికి అది సరిపోతుంది. పల్చటి మత్తు ఇచ్చి, ముందుగా నురగ, జిగురు పోయే మందు తాగించి, అన్నవాహికను నింపాదిగా పై నుంచి కింది దాకా చూసేది ఇంకొకటి. క్యాన్సర్ అని బయాప్సీలో వచ్చాక రెండో రకం ఒకసారి చేయించుకోవాలి, మొదటిది ఎక్కడ చేసినా సరే.

ఆ రెండో ఎండోస్కోపీలో రెండు పనిముట్లు ఉంటాయి. ఒకటి ఎన్‌బీఐ. ఒక బటన్ నొక్కితే వెలుతురు నీలి, ఆకుపచ్చ కాంతిగా మారుతుంది, పొరలోని సన్నని రక్తనాళాలు స్పష్టంగా కనబడతాయి. ఆ నాళాలు ఎలా మెలికలు తిరిగాయో చూసి లోతును అంచనా కట్టడానికి జపాన్ డాక్టర్లు ఒక వర్గీకరణ చేశారు. బీ1 అంటే పై అంచెలు, బీ2 అంటే సందేహం, బీ3 అంటే లోతు. ఇంకొకటి లూగోల్ అయోడిన్. పల్చని అయోడిన్ ద్రావణం పొర మీద చల్లుతారు. ఆరోగ్యంగా ఉన్న స్క్వామస్ కణాల్లో గ్లైకోజన్ ఉంటుంది కాబట్టి అవి గోధుమ రంగుకు తిరుగుతాయి, క్యాన్సర్ ఉన్న చోటు రంగు పట్టదు. కొద్ది నిమిషాల తర్వాత ఆ చోటు గులాబీ రంగులోకి మారితే అనుమానం మరింత బలపడుతుంది. ఖర్చు తక్కువ, పాత పద్ధతి, ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. మచ్చ అంచు ఎక్కడిదాకా ఉందో చూపించడంలో నాకు దీని మీదే గురి ఎక్కువ. ఛాతీలో మంట రావచ్చు, సోడియం థయోసల్ఫేట్ చల్లితే తగ్గుతుంది. అయోడిన్ పడనివాళ్లు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసేవాళ్లు ముందే చెప్పాలి. ఇదంతా స్క్వామస్ రకానికి. బారెట్స్ పొర మీద లూగోల్‌తో లాభం లేదు, అక్కడ ఎసిటిక్ ఆసిడ్ చల్లుతారు, లేదంటే ప్రతి రెండు సెంటీమీటర్లకూ నాలుగు వైపులా ముక్కలు తీస్తారు.

ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ గురించి కూడా గొప్పగా చెబుతారు. గ్రంథులు చూడటానికి, అనుమానం ఉంటే సూది వేయడానికి మంచిది. కానీ టీ1ఏనా, టీ1బీనా అని విడదీయడంలో అది తరచూ పొరబడుతుంది. ఆ రిపోర్టులో "సబ్‌మ్యూకోసా తాకినట్టుంది" అని ఉన్నంత మాత్రాన అన్నవాహిక తీయించుకోవడానికి సిద్ధపడొద్దు.

బయాప్సీ విషయంలో ఒక ముఖ్యమైన మాట. లోపలినుంచే తీసే ఆలోచన ఉంటే, మచ్చ మీద పది చోట్ల ముక్కలు తీయకూడదు. ప్రతి ముక్క తీసిన చోటా కింద పీచులా గట్టిపడి, తర్వాత పొర లేపడం కష్టమవుతుంది. గురి చూసి ఒకటి రెండు చాలు. ఒకచోట తీశాక ఇంకో ఆస్పత్రిలో "మళ్లీ తీద్దాం" అంటే, పాత స్లైడ్లు ఇస్తాం చూడండి అనండి.

ఆ స్లైడ్లు, మైనపు బ్లాకు మీవే. అడిగి తీసుకోండి. రిపోర్టు కాగితం ఒక్కటే ఇచ్చి పంపిస్తే ఊరుకోవద్దు. అన్నవాహిక బయాప్సీలు తరచుగా చదివే ఇంకో పాథాలజిస్టు చేత చదివించండి. బారెట్స్‌లో 'డిస్‌ప్లేసియా' (కణాలు క్యాన్సర్ వైపు మారుతున్నాయని) అని వస్తే రెండో పాథాలజిస్టు నిర్ధారించాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి. దీనికి వారమో పది రోజులో పడుతుంది. తొలి దశలో ఆ పది రోజుల వల్ల నష్టమేమీ లేదు. మూడు నాలుగు నెలలు నాన్చితే మాత్రం ఉంది.

ఇంకొకటి: బయాప్సీ ముక్క బియ్యపుగింజంత కూడా ఉండదు. అందులో 'స్క్వామస్ సెల్ కార్సినోమా' అని రాశామంటే క్యాన్సర్ ఉందని మాత్రమే అర్థం. ఎంత లోతు అన్నది ఆ ముక్క చెప్పలేదు. ఇది నేను ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

చికిత్సలు పక్కపక్కన పెట్టి చూస్తే

ఈఎంఆర్, ఈఎస్‌డీ. రెండూ ఎండోస్కోపీ ద్వారానే, బయట కోత లేకుండా. తేడా ఎక్కడంటే, ఈఎంఆర్‌లో మచ్చను పైకి పీల్చి ఉచ్చు బిగించి తీస్తారు. సెంటీమీటరు లోపు మచ్చ అయితే ఒకే ముక్కగా వస్తుంది, పని త్వరగా అయిపోతుంది. అంతకన్నా పెద్దదైతే ముక్కలుముక్కలుగా తీయాలి. ముక్కలుగా వచ్చినదాన్ని నా బల్ల మీద ఎంత పేర్చినా అంచు ఏదో, లోతు ఏదో ఖాయంగా చెప్పలేను. మళ్లీ రావడం కూడా వాటిలోనే ఎక్కువ.

ఈఎస్‌డీలో మచ్చ చుట్టూ గుర్తులు పెట్టి, కింద ద్రవం ఎక్కించి పొరను పైకి లేపి, సన్నని విద్యుత్ కత్తితో చుట్టూ కోసి, అడుగున విడదీసి మొత్తం ఒకే తునకగా బయటికి తెస్తారు. జపాన్‌లో 1990ల చివర్లో మొదట కడుపు క్యాన్సర్ల కోసం రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. గంటలు పట్టొచ్చు. పూర్తి మత్తు ఇస్తారు. గొట్టానికి చిల్లు పడే ప్రమాదం కొద్ది శాతం ఉంటుంది, చాలావరకు అప్పుడే క్లిప్పులు వేసి మూస్తారు. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే వారం ముందే చెప్పాలి, సొంతంగా ఆపేయకూడదు.

ఈఎస్‌డీతో ఉన్న అసలు ఇబ్బంది ఇరుకు. అన్నవాహిక చుట్టుకొలతలో నాలుగింట మూడొంతులకు పైగా పొర తీసేస్తే, మానేటప్పుడు దారి ముడుచుకుపోతుంది. తినలేక మళ్లీ మళ్లీ బెలూన్‌తో వెడల్పు చేయించుకోవాల్సి వస్తుంది. ఇది రాకుండా తీసిన చోట స్టెరాయిడ్ ఇంజెక్షన్, తర్వాత కొన్ని వారాలు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. "మచ్చ చుట్టుకొలతలో ఎంత మేర ఉంది, ఇరుకు రాకుండా ఏం చేస్తారు?" అని ముందే అడగండి. షుగరు ఉన్నవాళ్లయితే స్టెరాయిడ్ మాట ఎత్తగానే ఆ సంగతీ చెప్పండి.

ఈఎస్‌డీ చికిత్స మాత్రమే కాదు, అన్నిటికన్నా కచ్చితమైన పరీక్ష కూడా. నా వాదన మొత్తం దీని మీదే నిలబడి ఉంది. ఎన్‌బీఐ, అల్ట్రాసౌండ్ అన్నీ అంచనాలు. తీసిన తునకను థర్మాకోల్ మీద గుండుసూదులతో సాగదీసి గుచ్చి, ఫార్మలిన్‌లో పెట్టి, రెండు మిల్లీమీటర్ల చొప్పున వరసగా కోసి చూస్తే లోతు మైక్రాన్లలో కొలవొచ్చు. నాళాల్లోకి దూరిందా, అడుగు అంచు శుభ్రంగా ఉందా అన్నీ తేలతాయి. తునకను గుచ్చకుండా సీసాలో వేసి పంపిస్తే అది ముడుచుకుపోతుంది, అంత కష్టపడి తీసిందీ సగం వృథా. కాబట్టి ఎక్కడ చేయించుకున్నా, "తునకను పరిచి గుచ్చి పంపిస్తారా, చదివేది ఎవరు?" అని అడగడానికి మొహమాటపడొద్దు. మంచి డాక్టరు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు.

ఆ రిపోర్టు వచ్చాక మూడు దారులు. పై రెండు అంచెల్లోనే ఉంది, అంచులు శుభ్రం, నాళాల్లో లేదు అంటే పని అయిపోయినట్టే, ఇక తనిఖీలే. మూడో అంచె, లేదా 200 మైక్రాన్ల లోపు సబ్‌మ్యూకోసా, మిగతా అన్నీ బాగున్నాయి అంటే కూర్చుని మాట్లాడుకోవాల్సిన చోటు అది. వయసు, గుండె, మనిషి ఓపిక చూసుకుని ఆగొచ్చు, లేదా అదనపు చికిత్స తీసుకోవచ్చు. అంతకన్నా లోతు, లేదా నాళాల్లో కనబడింది, లేదా అడుగు అంచులో ఉంది అంటే గ్రంథుల సంగతి చూడాల్సిందే: ఆపరేషన్, లేకపోతే కీమోతో రేడియేషన్. జపాన్ క్లినికల్ ఆంకాలజీ గ్రూప్ చేసిన 0508 అధ్యయనంలో, సబ్‌మ్యూకోసా తాకినట్టు కనబడిన స్క్వామస్ రోగులకు ముందు ఎండోస్కోపీతో తీసి, రిపోర్టును బట్టి కీమో రేడియేషన్ ఇచ్చారు. మూడేళ్ల తర్వాత నూటికి 92 మందికి పైగా బతికి ఉన్నారు. "ముందు లోపలినుంచి తీసి చూద్దాం" అనే మాటకు ఇదే ఆధారం. ముందు తీసినందువల్ల తర్వాత ఆపరేషన్ దారి మూసుకుపోదు. ముందే అన్నవాహిక తీసేస్తే వెనక్కి రాలేం.

రేడియో ఫ్రీక్వెన్సీ అబ్లేషన్ అని ఇంకొకటి వినిపిస్తుంది. పొరను కాల్చేస్తుంది, పరీక్షకు తునక మిగలదు. బారెట్స్‌లో కనబడే గడ్డను ముందు తీసేశాక, మిగిలిన చదును పొరకు మంచిది. స్క్వామస్ క్యాన్సర్‌కు మొదటి చికిత్సగా ఎవరైనా చెబితే ఇంకో మాట కనుక్కోండి.

ఆపరేషన్. చిన్నది కాదు. అన్నవాహికలో చాలా భాగం తీసేసి, కడుపును గొట్టంలా మలిచి ఛాతీలోకో మెడ దాకానో లాగి అతుకుతారు. చుట్టుపక్కల గ్రంథులూ తీస్తారు, దీని బలం అదే. ఈ రోజుల్లో చాలాచోట్ల చిన్న రంధ్రాలతో చేస్తున్నారు, ఊపిరితిత్తుల సమస్యలు అలా చేస్తే తక్కువ. అయినా అతుకు దగ్గర లీకు దాదాపు పదిమందిలో ఒకరికి వస్తుంది, గొంతు బొంగురుపోవచ్చు, కొన్ని వారాలు పేగులోకి వేసిన గొట్టం ద్వారా ఆహారం ఇవ్వాల్సి రావచ్చు. తర్వాత జీవితం మారుతుంది. మూడు పూటలా కంచం నిండా తినే మనిషి ఆరుసార్లు కొంచెం కొంచెం తినాలి, తిన్న వెంటనే పడుకోకూడదు, తలవైపు మంచం ఎత్తు పెట్టుకోవాలి. కుదుటపడటానికి నెలలు పడుతుంది. పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చుని "ఏమండీ, ఏమీ తినట్లేదు" అనేవాళ్లకు సమాధానం చెప్పుకోవడం కూడా ఒక కష్టమే.

టీ1బీ లోతుగా ఉండి, మనిషి గట్టిగా ఉంటే ఇదే సరైన దారి. అయితే సర్జన్‌ను ఎంచుకునేటప్పుడు డిగ్రీలు కాదు, సంఖ్య అడగండి: ఏడాదికి అన్నవాహిక ఆపరేషన్లు ఎన్ని చేస్తారు? ఎక్కువగా చేసేచోట మరణాలు తక్కువ అన్నది అనేక దేశాల్లో తేలిన విషయం. నెదర్లాండ్స్‌లో ఏడాదికి కనీసం 20 చేసే ఆస్పత్రులకే అనుమతి.

కీమో, రేడియేషన్. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ, ఐదారు వారాలు. అన్నవాహిక ఉన్నచోటే ఉంటుంది. జపాన్ వాళ్లదే 0502 అధ్యయనం టీ1బీ రోగుల్లో ఆపరేషన్‌నూ దీన్నీ పోల్చింది. అందులో చాలామంది చీటీ వేసి చికిత్స నిర్ణయించడానికి ఒప్పుకోక, ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకున్నారు. ఐదేళ్లకు బతికున్నవాళ్లు ఆపరేషన్ వైపు 86.5 శాతం, కీమో రేడియేషన్ వైపు 85.5 శాతం. దాదాపు సమానం. కానీ అన్నవాహిక మిగిలి ఉంది కాబట్టి అక్కడే మళ్లీ రావడం రేడియేషన్ వైపు ఎక్కువ, అలా వచ్చినవాటిలో చాలావాటిని తొలి దశలోనే పట్టి ఎండోస్కోపీతో తీయగలిగారు. అంటే తనిఖీలకు క్రమం తప్పకుండా వచ్చే మనిషికే ఈ దారి. కొన్నేళ్లకు గుండె చుట్టూ, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం లాంటివి రావచ్చు, ఆయాసం వస్తే "వయసు" అని వదిలేయకూడదు. ఇంకో మాట: పై రెండు అంచెల్లోనే ఉండి, చిన్నగా ఉన్న మచ్చకు నేరుగా రేడియేషన్ చెబితే ఎందుకని అడగండి. కారణం ఉండొచ్చు, ఆ కారణం మీకు తెలియాలి.

ఇక్కడా, హైదరాబాదా?

అన్నీ ఒకేచోట చేయించుకోవాలన్న పట్టు అక్కర్లేదు. సీటీ, స్లైడ్ల చదువు, కీమో, రేడియేషన్ ఇవన్నీ విజయవాడ, గుంటూరు పరిధిలోనే దొరుకుతాయి. గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) ఆవరణలో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది, రెండు ఊళ్ల మధ్య మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ఆరు వారాల పాటు రోజూ వెళ్లాల్సిన రేడియేషన్‌కు ఇంటికి దగ్గర ఉండటమే పెద్ద సుఖం. దాని కోసం హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకోవడం నాకు అర్థంలేనిదిగా అనిపిస్తుంది.

ఈఎస్‌డీ సంగతి వేరు. అది చేతి పని. కడుపులో చేయడం కన్నా అన్నవాహికలో చేయడం కష్టం: చోటు ఇరుకు, గోడ పల్చన, పక్కనే గుండె కొట్టుకుంటూ ఉంటుంది. కాబట్టి అన్నవాహికలోనే తరచుగా చేసే చెయ్యి కావాలి. ఆ చెయ్యి విజయవాడలో దొరికితే ఇక్కడే చేయించండి, లేకపోతే 275 కిలోమీటర్లు వెళ్లిరండి. ఉండాల్సింది కొద్ది రోజులే. ఆపరేషన్‌కు రెండూ చూసుకోవాలి: సంఖ్య ఎక్కువున్న సర్జన్, ఇంటికి వెళ్లాక రాత్రి జ్వరం వస్తే చేరుకోగలిగే దూరం. దూరం వెళ్తే కనీసం నెల రోజులు అక్కడే దగ్గర్లో ఉండే ఏర్పాటు చేసుకోండి.

డబ్బు విషయం. క్యాన్సర్ ఆపరేషన్లు, కీమో, రేడియేషన్ ఎన్టీఆర్ వైద్యసేవ కింద వస్తాయి, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇది. ఈఎస్‌డీకి ఒక్కసారి మాత్రమే వాడే కత్తులు, క్లిప్పులు కావాలి, బిల్లు అక్కడే పెరుగుతుంది. పథకంలోగానీ మీ ఇన్సూరెన్సులోగానీ అది వస్తుందా లేదా అన్నది చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. ప్యాకేజీలో వస్తుందన్న ఒక్క కారణంతో ఎండోస్కోపీతో పోయేదానికి పెద్ద ఆపరేషన్ ఎంచుకోవడం మాత్రం లాభం కాదు, జీజీహెచ్‌లోనూ ఎయిమ్స్‌లోనూ కూడా ముందు అడిగి చూడండి.

పెద్దవాళ్ల విషయంలో

ఎనభై దాటిన నాన్నగారు, గుండెకు స్టెంటు వేసి ఉంది, ఈఎస్‌డీ తర్వాత రిపోర్టులో మూడో అంచె అని వచ్చింది. పిల్లలు ముగ్గురూ మూడు మాటలు. ఇక్కడ నూటికి పది అన్న అంకెను తిప్పి చదవాలి: పదిమందిలో తొమ్మిదిమందికి గ్రంథుల్లో ఏమీ ఉండదు. ఆ ఒక్కరి కోసం ఆ వయసులో ఛాతీ తెరవడం కన్నా, ఆరు నెలలకోసారి చూసుకుంటూ ఉండటమే చాలామంది డాక్టర్లు చెప్పేది. ఆయన్ని కూడా అడగాలి. క్యాన్సర్ అన్న మాట దాచిపెట్టి, నిర్ణయం ఆయన బదులు తీసుకోవడం మన ఇళ్లలో మామూలే గానీ, మింగే బాధ పడేది ఆయన.

తర్వాత చూపించుకోవాల్సినవి

ఏ దారిలో వెళ్లినా తనిఖీ ఉంటుంది. అన్నవాహిక మిగిలినవాళ్లకు మొదటి ఏడాది మూడు నుంచి ఆరు నెలలకోసారి ఎన్‌బీఐ లేదా లూగోల్‌తో ఎండోస్కోపీ, తర్వాత ఏడాదికోసారి. లూగోల్ చల్లినప్పుడు ఒక్క మచ్చ కాకుండా అక్కడక్కడా చాలాచోట్ల రంగు పట్టకపోతే, ఆ మనిషికి కొత్తచోట ఇంకో క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువ, ఆ మాట రిపోర్టులో రాయించుకోండి. పొగ, మందు రెండూ మానేస్తే ఆ అవకాశం తగ్గుతుంది. ఒకటి మాని ఒకటి ఉంచుకునే బేరాలు పనిచేయవు. అదే పొగ, అదే మందు నోటినీ గొంతునూ కూడా తాకాయి కాబట్టి, ఏడాదికోసారి ఈఎన్‌టీ డాక్టరు చేత నోరు, గొంతు చూపించుకోవాలి. ఎండోస్కోపీ గొట్టం గొంతు దాటేటప్పుడు అక్కడ ఒక్క క్షణం ఆగి చూడమని కూడా అడగొచ్చు, చాలామంది ఆ చోటు గబగబా దాటేస్తారు.